బ్రిస్టల్ తన శిలువను తానే సాగనంపింది

1643 మే 2న లండన్‌లోని చీప్‌సైడ్ వీధి నడుమ డప్పులు మోగాయి, బాకాలు ఊదారు. రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం నడుస్తున్న రోజులవి. శిలువలు విగ్రహారాధన గుర్తులని భావించిన పార్లమెంటు ఆదేశం మీద, సైనికులు కాపలా కాస్తుండగా, పనివాళ్లు చీప్‌సైడ్ శిలువను కూలగొట్టారు. 1290లో చనిపోయిన ఎలియనార్ రాణి శవయాత్ర రాత్రి మజిలీ చేసిన చోటల్లా ఆమె భర్త మొదటి ఎడ్వర్డ్ నిలిపిన పన్నెండు శిలువల్లో అది ఒకటి. శిఖరాన ఉన్న శిలువ కింద పడగానే జనం టోపీలు గాల్లోకి ఎగరేశారు. నాలుగేళ్లకు చేరింగ్ క్రాస్‌కూ అదే గతి పట్టింది. ఆ పన్నెండింటిలో ఈనాడు నిలిచి ఉన్నవి మూడే: గెడింగ్‌టన్, హార్డింగ్‌స్టోన్, వాల్తమ్ క్రాస్.

ఇంగ్లండ్‌లోని పాత రాతి శిలువలు ఏమయ్యాయని అడిగితే ఎక్కువగా వినిపించే కథ ఇదే. మతావేశం వచ్చింది, సుత్తి పడింది, రాయి నేలకూలింది. ఈ కథలో దోషులు ఎవరో వెంటనే తెలిసిపోతుంది. వాళ్లు చనిపోయి నాలుగు వందల ఏళ్లవుతోంది కాబట్టి నేటివాళ్ల మీద ఏ భారమూ పడదు. నేను ఉంటున్న బ్రిస్టల్ నగరం కథ ఇలాంటిది కాదు. అది మరింత బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అందులో ఆవేశపరులు లేరు. పెద్దమనుషులున్నారు, అర్జీలున్నాయి, చందాలున్నాయి, చివర్లో ఒక మర్యాదపూర్వకమైన కానుక ఉంది.

చీప్‌సైడ్ శిలువ కూలిన ఆ మే నెలలోనే బ్రిస్టల్ కూడా పార్లమెంటు సైన్యం చేతిలో ఉంది. రాజు పక్షానికి నగర ద్వారాలు తెరిచేందుకు కుట్ర పన్నారన్న నేరం మీద రాబర్ట్ యోమన్స్, జార్జ్ బౌచర్ అనే ఇద్దరు వర్తకులను మే 30న వైన్ స్ట్రీట్‌లో ఉరి తీశారు. ఆ వీధి మొదలయ్యేదే నగరం నడిబొడ్డున ఉన్న కూడలిలో. ఆ కూడలిలోనే బ్రిస్టల్ హై క్రాస్ ఉండేది. దాని పై అంతస్తులో, పదేళ్ల కిందటే కొత్తగా చేర్చిన బొమ్మల్లో, సాక్షాత్తూ మొదటి చార్లెస్ రాజు బొమ్మ కూడా ఉంది. రాజభక్తులను ఉరి తీసినవారు ఆ శిలువ జోలికి మాత్రం వెళ్లలేదు. జులైలో రాజు పక్షపు సేనాని రాకుమారుడు రూపర్ట్ నగరాన్ని పట్టుకున్నాడు, 1645 సెప్టెంబరులో పార్లమెంటు సైన్యం మళ్లీ గెలుచుకుంది. అంతకు ముందు వందేళ్లలో మఠాలను మూసేసి, గుళ్లలోని బొమ్మలను పగలగొట్టిన మతసంస్కరణ కాలాన్ని కూడా ఆ శిలువ దాటింది. ఇన్ని గండాలు గడిచిన రాయి 1733లో నేలకు దిగింది. కారణం, పక్కనే ఇల్లున్న ఒక స్వర్ణకారుడు పెట్టుకున్న మొర.

ఆ మొర సంగతికి వచ్చే ముందు ఆ శిలువ ఏమిటో చెప్పాలి. శిలువ అనగానే రెండు దూలాలు అడ్డంగా పేర్చిన ఆకారం మన కళ్ల ముందు నిలుస్తుంది. ఇది అలాంటిది కాదు. నాలుగు వైపులా గూళ్లు, గూళ్లలో రాజుల బొమ్మలు, వాటి మీద మరో వరుస గూళ్లు, ఆపైన సన్నని శిఖరాలు, కొసన శిలువ. మొత్తం సుమారు నలభై అడుగుల కట్టడం. బ్రాడ్ స్ట్రీట్, హై స్ట్రీట్, వైన్ స్ట్రీట్, కార్న్ స్ట్రీట్ అనే నాలుగు వీధులు కలిసేచోట అది ఉండేది. దాని చుట్టూ సంత జరిగేది, దాని దగ్గరే రాజశాసనాలను చదివి వినిపించేవారు. రక్తం కూడా చూసింది. 1400 జనవరిలో, పదవి పోయిన రెండో రిచర్డ్‌ను తిరిగి గద్దెనెక్కించాలని చూసిన థామస్ డిస్పెన్సర్ ప్రభువును పట్టుకొచ్చి జనం అక్కడే తల నరికారు.

ఆ కట్టడానికి మూలం 1373 నాటి అధికారపత్రం. అప్పటిదాకా బ్రిస్టల్ ఊరు ఏవన్ నదికి అటు సగం, ఇటు సగంగా రెండు కౌంటీల్లో, అంటే రెండు జిల్లాల్లో, ఉండేది. ఉత్తరపు ఒడ్డువాళ్లు కోర్టు పనికి గ్లౌస్టర్ వెళ్లాలి, దక్షిణపు ఒడ్డువాళ్లు సోమర్‌సెట్‌లోని ఇల్చెస్టర్ వెళ్లాలి. వరదలు, దెబ్బతిన్న దారులు, ప్రయాణపు ఖర్చులు. విసిగిపోయిన వర్తకులు మూడో ఎడ్వర్డ్ రాజుకు ఆరువందల మార్కులు (అప్పటి డబ్బు లెక్క) చెల్లించి తమ ఊరిని ఒక ప్రత్యేక కౌంటీగా ప్రకటింపజేసుకున్నారు. లండన్ కాక ఇంగ్లండ్‌లో ఈ హోదా పొందిన మొదటి పట్టణం బ్రిస్టల్. ఆ సందర్భానికి గుర్తుగా కట్టినదే హై క్రాస్. అంటే గూళ్లలో నిలబడిన రాజులను చూసి ఇది రాజుల స్మారకం అనుకోకూడదు. తమ పాలన తాము చేసుకునే హక్కును డబ్బు పెట్టి కొనుక్కున్న ఊరు, ఆ కొనుగోలుకు నాలుగు వీధుల మధ్య నిలిపిన రాతి రసీదు అది.

ఊరు దాన్ని ప్రేమగానే చూసుకుంది. 1633లో ఎత్తు పెంచి, రెండో వరుస గూళ్లు కట్టి, ఆరో హెన్రీ, ఎలిజబెత్, మొదటి జేమ్స్, మొదటి చార్లెస్‌ల బొమ్మలు కూర్చోబెట్టారు. ఎరుపు, నీలం, బంగారు రంగులు పూశారు. ఇవాళ మనం పాత ఇంగ్లండ్ రాయి అనగానే బూడిద రంగును ఊహించుకుంటాం గానీ, ఆ రోజుల్లో చేపలూ కూరగాయలూ అమ్ముకునేవాళ్ల మధ్య అది ధగధగలాడుతూ ఉండి ఉండాలి.

ఇప్పుడు ఆ కూడలికి వెళ్తే దాని ఆనవాలు కంటికి ఆనదు. కార్న్ స్ట్రీట్‌లో ఎక్స్చేంజి భవనం ముందు వర్తకులు లెక్కలు తేల్చుకున్న నాలుగు కంచు బల్లలు మాత్రం పదిలంగా ఉన్నాయి. వాటి అంచుల మీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి, మొబైల్ పట్టుకున్న పర్యాటకులు వాటి చుట్టూ ఎప్పుడూ ఉంటారు. బ్రాడ్ స్ట్రీట్ మూలన క్రైస్ట్ చర్చి గోడ మీద మరో వింత ఉంది. పెద్ద గడియారానికి చెరో పక్కన రంగులు వేసిన చెక్క మనుషులు ఇద్దరు నిలబడి, పావుగంటకోసారి సుత్తెతో గంట కొడతారు. ఆ బొమ్మలను 1728లో పాత చర్చి కోసం చెక్కారు. చర్చిని కూల్చి కొత్తది కట్టినా బొమ్మలను పారేయకుండా ఉంచుకున్నారు. ఆ కూడలిలో హై క్రాస్‌ను ఎదురుగా చూసిన ముఖాలు ఇవాళ అవి రెండే. పావుగంట కొట్టగానే తలెత్తి చూసేవాళ్లకు, ఆ బొమ్మలు అయిదేళ్లపాటు కిందికి చూస్తూ ఉన్నది ఎవరి శిఖరాన్నో చెప్పే అక్షరం ఒక్కటీ దగ్గర్లో కనిపించదు.

సరే, 1733. గట్టి గాలి వీచినప్పుడల్లా ఆ శిలువ కూలి తన ఇంటి మీద పడుతుందేమోనని, తన ప్రాణానికీ ఆస్తికీ ముప్పు ఉందని పక్కింటి స్వర్ణకారుడు అధికారులకు మొరపెట్టుకున్నాడు. ఆయన భయం నిజమైనదే కావచ్చు. నేను ఆయనను దొంగ అనను. అయితే ఆ భయాన్ని అందుకుని పెద్దలు ముందుకు తెచ్చిన అర్జీలో ఇది మూఢనమ్మకపు అవశేషమని, ప్రజలకు ఇబ్బంది అని కూడా రాశారు. బండ్లు తిరగడానికి దారి ఇరుకు. శిలువ వదులుగా ఉంటే సున్నం పెట్టి బిగించవచ్చు, అవసరమైతే ఇనుప పట్టీ వేయవచ్చు. మూడు వందల అరవై ఏళ్లు నిలబడ్డ రాయికి మరమ్మతు అన్న మాట ఎవరికీ తోచలేదంటే నేను నమ్మలేను. తోచినా అక్కరలేదనుకున్నారు. ముక్కలు విప్పి నగర సభాభవనమైన గిల్డ్‌హాల్‌లో పడేశారు.

కొందరు పౌరులకు మనసొప్పలేదు. వాళ్లు చందాలు వేసుకుని 1736లో ఆ ముక్కలను ఊరి ప్రధాన చర్చి అయిన కెథడ్రల్ ముందున్న పచ్చిక మైదానం కాలేజ్ గ్రీన్‌లో తిరిగి నిలబెట్టారు. అక్కడ గాలికి కూలినా ఎవరి కొంపా మునగదు. కానీ ఇరవై ఆరేళ్లకు, 1762లో, మళ్లీ విప్పేశారు. ఈసారి చెప్పిన కారణం చదివి నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. హాట్‌వెల్స్ ఊటల దగ్గరికి ఆరోగ్యం కోసం వచ్చే సంపన్నులు సాయంత్రాలు కాలేజ్ గ్రీన్‌లో షికారు చేసేవారు. ఎనిమిది పది మంది ఒకే వరుసలో నడవడానికి మధ్యలో ఈ శిలువ అడ్డమట. ఆ షికార్లు చేసే సంపన్నుల్లో చాలామంది సొమ్ము ఎక్కడిదో కూడా గుర్తుంచుకోవాలి. 1730లలో బానిసల రవాణాలో లండన్‌ను మించిపోయిన రేవు బ్రిస్టల్. ఒక ఊరి స్వపాలనకు గుర్తుగా నిలిచిన రాయి, ఆ డబ్బుతో నడిచే షికారుకు పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది.

ముక్కలు కెథడ్రల్‌లో ఓ మూల పడి ఉన్నాయి. 1764లో కెథడ్రల్ పెద్ద, అప్పటి డీన్ కట్స్ బార్టన్ వాటిని లండన్ బ్యాంకరు హెన్రీ హోర్‌కు ఇచ్చేశాడు. హోర్ అప్పటికే విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్‌లో చెరువు కట్టి, ఒడ్డున గ్రీకు రోమన్ గుళ్ల నమూనాలు లేపి, ఒక బొమ్మ గీసినట్టుగా తోటను తీర్చిదిద్దుతున్నాడు. ఆ బొమ్మలో ఇంగ్లండ్ చరిత్ర కూడా ఉంటే బాగుంటుందనుకున్నాడు. 1765లో హై క్రాస్ అక్కడ నిలబడింది. ఇప్పటికీ అక్కడే ఉంది, బ్రిస్టల్‌కు దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో.

స్టౌర్‌హెడ్ చూసినవాళ్లకు తెలుసు, అది ఎంత అందమైన చోటో. ఊరి చర్చి దాటి తోటలోకి అడుగు పెట్టేచోట శిలువ ఉంటుంది. అక్కడ నిలబడితే కింద రాతి వంతెన, నీళ్లు, అవతలి ఒడ్డున పాంథియన్ అనే రోమన్ గుడి నమూనా. కింది గూళ్లలో రాజులు నిలబడి ఉంటారు, పై గూళ్లలో కూర్చుని ఉంటారు. నేను వెళ్లిన రోజు తేమకు రాయి ముదురు రంగుకు తిరిగి, మడతల్లో నాచు పట్టి ఉంది. సందర్శకులు వంతెననూ శిలువనూ ఒకే ఫొటోలో పట్టడానికి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. ఎవరినీ తప్పు పట్టలేను, ఆ చోటు అలాగే చూడమంటుంది. నాకు మాత్రం ఆ రాజులు ఎవరి వైపు చూస్తున్నారన్న ప్రశ్న వచ్చింది. నాలుగు ముఖాలు నాలుగు వీధుల కోసం చెక్కినవి. అక్కడ వీధులు లేవు. ఒక వైపు చెట్లు, మరో వైపు చర్చి గోడ, ఇంకో వైపు నీళ్లు. కట్టడం నిలిచే ఉంది, కానీ దానికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

నా వాదన ఇదీ. ఊళ్ల గుర్తులను పోగొట్టే శక్తి మతావేశానికి ఉన్నదానికంటే సౌకర్యానికి ఎక్కువ ఉంది. ఆవేశానికి ఎదురు నిలిచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చీప్‌సైడ్ కూలినప్పుడు ఏడ్చినవాళ్లూ ఉన్నారు, దాని మీద కరపత్రాలు అచ్చయ్యాయి, ఆ రోజు తేదీతో సహా చరిత్రలో ఉండిపోయింది. దారి ఇరుకుగా ఉంది, గాలికి ఊగుతోంది, నడకకు అడ్డు అన్న మాటలకు ఎవరు ఎదురు చెబుతారు? ఎదురు చెప్పేవాడు మొండివాడిలా కనిపిస్తాడు. ప్రతి మెట్టూ విడివిడిగా సమంజసమే. ముందు విప్పి దాచారు, తరువాత వేరే చోట పెట్టారు, తరువాత మూలన ఉంచారు, చివరికి అడిగినవాడికి ఇచ్చారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఊరు తన పుట్టుక గుర్తును వదిలించుకుంది, ఒక్క రాయి కూడా పగలకుండా.

దీనికి ఒక గట్టి ఎదురు వాదన ఉంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. 1940 నవంబరు 24 రాత్రి జర్మన్ బాంబులు బ్రిస్టల్ నడిబొడ్డును తగలబెట్టాయి. వైన్ స్ట్రీట్, హై స్ట్రీట్ మూలన ఉన్న డచ్ హౌస్ అనే ప్రసిద్ధమైన చెక్క భవనం, అంటే హై క్రాస్ ఉండాల్సిన చోటికి నాలుగడుగుల్లో ఉన్నది, కాలిపోయింది. హోర్ దగ్గరికి వెళ్లిన రెండో శిలువ సంగతి ఇంకా స్పష్టం. సెయింట్ పీటర్స్ చర్చి దగ్గర, పీటర్ స్ట్రీట్‌లో బావి మీద 1474 నాటి చిన్న శిలువ ఒకటి ఉండేది. రోడ్డు వెడల్పు పేరిట 1766లో దాన్నీ తీసేశారు. హోర్ దాన్ని కూడా తీసుకెళ్లి 1768లో స్టౌర్ నది పుట్టే లోయలో ఒక రాళ్ల గుట్ట మీద నిలిపాడు. సెయింట్ పీటర్స్ పంప్ అనే పేరుతో అది నేటికీ ఉంది. మరి అది వదిలివెళ్లిన చోటు? అదే నవంబరు రాత్రి చర్చి మొండి గోడలుగా మిగిలింది. పీటర్ స్ట్రీట్ అన్న వీధే లేకుండా పోయింది, ఆ నేల అంతా ఇప్పుడు కాసిల్ పార్కు. ఊరు ఉంచుకుని ఉంటే ఆ శిలువ బూడిదయ్యేది. కాబట్టి హోర్‌కు దండం పెట్టాల్సిందే అంటారు.

పెడతాను. ఆయన దాన్ని విలువైనదిగా చూశాడు, బ్రిస్టల్ చూడలేదు. కానీ 1764లో డీన్‌కు 1940 తెలియదు. తరువాత వచ్చిన అదృష్టాన్ని తెచ్చి ముందు చేసిన నిర్లక్ష్యానికి న్యాయం చెప్పించడం సరికాదు. పైగా యుద్ధం కాలిస్తే ఊరు ఏడుస్తుంది, మొండి గోడలను కూడా కాపాడుకుంటుంది. సెయింట్ పీటర్స్ చర్చి గోడలను యుద్ధ మృతుల స్మారకంగా ఇప్పటికీ ఉంచారు. తనంతట తాను ఇచ్చేసినదాని కోసం ఏ ఊరూ ఏడవదు.

ఊరు పాఠం నేర్చుకుందా అంటే, నకలు కథ చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో పశ్చాత్తాపం కలిగి, జాన్ నార్టన్ అనే వాస్తుశిల్పి చేత హై క్రాస్ నకలు ఒకటి చేయించి 1851లో కాలేజ్ గ్రీన్‌లో నిలిపారు. 1888లో విక్టోరియా రాణి విగ్రహం వచ్చేసరికి దాన్ని మైదానం మధ్యకు జరిపారు. 1950లో కొత్త కౌన్సిల్ భవనం బాగా కనబడాలని మైదానం ఎత్తు తగ్గించారు, నకలును విప్పేశారు. మొదటిసారి నడకకు అడ్డం, రెండోసారి రాణికి అడ్డం, మూడోసారి కౌన్సిల్ భవనానికి అడ్డం. పౌర సంఘం పూనిక వల్ల 1956లో పై భాగం మాత్రం బర్కిలీ స్క్వేర్ పచ్చికలో ఓ మూలకు చేరింది. అక్కడ నేల మీద, మధ్యాహ్నం సాండ్‌విచ్చులు తినే ఉద్యోగుల పక్కన, మొండెం లేని తలలా ఉంటుంది. అది దేనిదో చాలామందికి తెలియదు. చాలాకాలం ఆ దారిన నడిచినవాళ్లను అడిగితే ఎవరిదో సమాధి అన్నారు.

కదిలించడమే పాపమని నేననడం లేదు. అదే కాలేజ్ గ్రీన్‌లో 1997 నుంచి రాజా రామ్‌మోహన్ రాయ్ కంచు విగ్రహం ఉంది. ఆయన 1833 సెప్టెంబరు 27న బ్రిస్టల్ శివారు స్టేపుల్‌టన్‌లో జ్వరంతో కన్నుమూశారు. అక్కడి ఇంటి తోటలోనే ఖననం చేశారు. పదేళ్ల తరువాత, 1843లో, ద్వారకానాథ్ టాగూర్ చొరవతో ఆ అవశేషాలను ఆర్నోస్ వేల్ శ్మశానానికి తరలించి, పైన ఛత్రి కట్టించారు. అదీ తరలింపే. కానీ ఒక ప్రైవేటు తోటలో ఉన్నదాన్ని నలుగురూ వచ్చి తలవంచగలిగే చోటికి తెచ్చారు, పేరుతో సహా తెచ్చారు. వీరేశలింగం పంతులుగారి పుస్తకాలు చదివి పెరిగినవాళ్లు ఎవరైనా ఆ ఛత్రి ముందు నిలబడితే తెలుస్తుంది, ఆ కదలిక ఆ మనిషిని మనకు దగ్గర చేసిందని. హై క్రాస్‌ను కదిపిన ప్రతిసారీ అది ఊరికి ఇంకొంచెం దూరమైంది.

కోల్‌స్టన్ విగ్రహం మాట కూడా రావాల్సిందే. బానిసల వ్యాపారం చేసిన ఎడ్వర్డ్ కోల్‌స్టన్‌కు 1895లో పెట్టిన కంచు విగ్రహాన్ని 2020 జూన్ 7న నిరసనకారులు తాళ్లు కట్టి లాగి హార్బరులోకి తోశారు. ఆ తరువాత దాన్ని పైకి తీసి, పూసిన రంగు మరకలతోనే ఎమ్ షెడ్ మ్యూజియంలో పడుకోబెట్టి చూపించారు. ఆ పని మంచిదా చెడ్డదా అని ఊరు ఊరంతా వాదించుకుంది, కోర్టులో విచారణ జరిగింది, నలుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. నేను ఆ విగ్రహం పోయినందుకు విచారించను. నేను గమనించేది వేరొకటి: గొడవతో తొలగించిన బొమ్మ ఎక్కడ ఉండేదో, ఎందుకు పోయిందో ఇవాళ బ్రిస్టల్‌లో బడిపిల్లలు కూడా చెబుతారు. గొడవ లేకుండా తొలగించిన హై క్రాస్ గురించి అడిగితే పెద్దవాళ్లు కూడా చెప్పలేరు.

ఇంగ్లండ్ రాజుల బొమ్మల కోసం నీకెందుకింత ఆరాటం అని తెలుగు మిత్రులు అడుగుతారు. ఇక్కడి పన్నులు కడుతున్నాను, ఇక్కడి పిల్లలతో మా పిల్లలు చదువుతున్నారు, ఈ ఊరి కథ మా పిల్లల కథ కూడా. అదీగాక, కోర్టుకు వెళ్లాలంటే నది దాటి వేరే జిల్లాకు పోవాల్సిన బాధ, మా ఊరికి మా జిల్లా కావాలన్న పట్టుదల తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఊరూరా ఎన్ని దీక్షలు, ఎన్ని ఊరేగింపులు చూశాం! 1373లో బ్రిస్టల్ వర్తకులు రాజు తలుపు తట్టింది ఇందుకే.

అసలు శిలువను బ్రిస్టల్‌కు తిరిగి తేవాలనే కోరిక అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. నేను వద్దంటాను. రెండు వందల అరవై ఏళ్లుగా అది స్టౌర్‌హెడ్ తోటలో భాగం; 1946 నుంచి చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ దాన్ని చూసుకుంటోంది. పాత రాయిని మళ్లీ విప్పితే ఎన్ని ముక్కలు బతికి బయటపడతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. బస్సుల పొగలోకి దాన్ని తేవడం ప్రేమ అనిపించుకోదు. అదీగాక, ఇచ్చినవాళ్లు ఇచ్చారు, తీసుకున్నవాళ్లు కాపాడారు. ఇప్పుడు లాక్కోవడానికి బ్రిస్టల్‌కు ఏ నైతిక హక్కూ లేదు.

చేయగలిగింది వేరే ఉంది, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. బర్కిలీ స్క్వేర్‌లో ఉన్న నకలు పై భాగాన్ని శుభ్రం చేసి, ఆ నాలుగు వీధుల కూడలికి తేవాలి. కార్న్ స్ట్రీట్ ఇప్పుడు పాదచారులదే కాబట్టి బండ్లు తిరగవన్న సాకు చెల్లదు. అది కుదరకపోతే, కనీసం శిలువ పీఠం ఉన్నంత మేర నేల రాళ్ల రంగు మార్చి, నాలుగు అంచుల్లో నాలుగు వీధుల వైపు అక్షరాలు చెక్కాలి. 1373లో ఎందుకు కట్టారో ఒక వైపు. 1633లో ఎవరెవరిని చేర్చారో ఒక వైపు. ఇప్పుడు ఎక్కడుందో, ఏ బస్సెక్కి వెళ్లి చూడవచ్చో ఒక వైపు. నాలుగో వైపున, వైన్ స్ట్రీట్‌కు ఎదురుగా, గాలికి భయపడిన స్వర్ణకారుడి మొర, ఎనిమిది పది మంది వరుసగా నడవాలన్న కోరిక, డీన్ ఇచ్చిన కానుక, మూడూ తేదీలతో సహా రాయాలి.